ఏడు రోజుల్లో ఏడు మజిలీలు వద్దు

ప్రశ్న: మేడం, వచ్చే ఏప్రిల్‌లో మేం నలుగురు పెద్దవాళ్లం, తొమ్మిదేళ్ల బాబు, పదమూడేళ్ల పాప కలిసి కరేబియన్ సముద్రంలోని బ్రిటిష్ వర్జిన్ ఐలాండ్స్‌లో తెరచాప పడవ అద్దెకి తీసుకుని వారం రోజులు తిరగాలనుకుంటున్నాం. మావారు మూడేళ్లుగా సరస్సులో చిన్న పడవల మీద సెయిలింగ్ చేస్తున్నారు. ప్లాన్ కూడా ఆయనే వేశారు. శనివారం మధ్యాహ్నం విమానం దిగి, పడవ ఎక్కి, ఆ సాయంత్రానికే నార్మన్ ఐలాండ్ చేరాలి. తర్వాత రోజుకొకటి చొప్పున కూపర్ ఐలాండ్, వర్జిన్ గోర్డాలో ద బాత్స్, నార్త్ సౌండ్, అనెగాడా, జోస్ట్ వాన్ డైక్, చివరికి టోర్టోలా. మర్నాడు శనివారం ఉదయం పడవ అప్పగించి మధ్యాహ్నం తిరుగు విమానం. నాకు సముద్రం కొత్త. ఈ ప్లాన్ కుదురుతుందా? పడవ మేమే నడుపుకోగలమా, మనిషిని పెట్టుకోవాలా? (పేరు వద్దన్న పాఠకురాలు)

జవాబు: మీవారు ఎంచుకున్న చోట్లన్నీ మంచివే. నాకు భయమేస్తున్నది ఆ మొదటి సాయంత్రం గురించి. ఎందుకో చెప్పాలంటే నా అనుభవం ఒకటి చెప్పాలి.

నేనింకా స్కిప్పర్‌గా, అంటే అద్దె పడవ నడిపే మనిషిగా, పనిచేయని రోజులు. జనవరి నెల. మేమూ ఇలాగే దిగిన రోజే బయల్దేరాం. విమానం రెండు గంటలు లేటు. పడవ ఇచ్చిన కంపెనీవాళ్లు సామాను లెక్క చూపించి, చార్టు (సముద్రపు పటం) మీద వెళ్లకూడని చోట్లు పెన్సిల్‌తో గీసి చెప్పేసరికి నాలుగు దాటింది. నార్మన్ ఐలాండ్ ఎదురుగా కనిపిస్తూనే ఉంది, గంటన్నర దారి. వెళ్లిపోదాం అన్నది నేనే. 'ద బైట్' అని అక్కడొక పెద్ద ఖాతం ఉంది. పడవలు కట్టుకోవడానికి అక్కడ తేలే మూరింగ్ బంతులుంటాయి, మేం చేరేసరికి అన్నిటికీ పడవలు కట్టేసి ఉన్నాయి. ఆ దీవుల్లో పొద్దు గూకాక అరగంట కూడా వెలుగు నిలవదు. లోతు ఎక్కువగా ఉన్నచోట మాత్రమే జాగా మిగిలింది. లంగరు దించుతుంటే గొలుసు తిప్పే మోటారు సగంలో ఆగిపోయింది. అది అంతకుముందు వారమే మొరాయించిందని వాళ్లకి తెలుసట, మాకు చెప్పలేదు.

ఉన్నంత గొలుసుతోనే సరిపెట్టుకుని కాపలా కూర్చున్నాను. ఒడ్డున ఒక దీపం, దాని వెనక కొండమీద ఇంకో దీపం. రెండూ ఒకే గీత మీద కనిపించేలా గుర్తు పెట్టుకున్నాను. పడవ ఊగినప్పుడల్లా అవి కాస్త విడిపోయి మళ్లీ కలిసేవి. ఒంటిగంట ప్రాంతంలో విడిపోయాయి, ఇక కలవలేదు. లంగరు జారుతోంది. అందరినీ లేపి, గొలుసు చేతులతో లాగి, తెల్లారేదాకా ఇంజిన్ మీద ఖాతం మధ్యలో నెమ్మదిగా తిరిగాం. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ మా చెల్లెలు ఆ వారమంతా రాత్రిపూట కళ్లు మూయలేదు. మీతో పిల్లలున్నారు కాబట్టి ఇంత వివరంగా రాస్తున్నాను.

అందుకని మొదటి రాత్రి పడవ ఎక్కండి, కానీ రేవు వదలకండి. చాలా కంపెనీలు కాస్త డబ్బు తీసుకుని ముందురోజు సాయంత్రమే పడవలో పడుకోనిస్తాయి. ఏ స్విచ్ ఎక్కడుందో, గ్యాస్ ఎక్కడ కట్టేయాలో, లైఫ్ జాకెట్లు పిల్లలకి సరిపోతాయో లేదో నింపాదిగా చూసుకోవచ్చు. గొలుసు మోటారు మీ ఎదుటే పూర్తిగా దించి ఎత్తి చూపించమనండి. గొలుసు ఎన్ని మీటర్లుందో అడిగి రాసుకోండి. చివరి రాత్రికి కూడా రేవుకి గంట దూరంలోనే ఉండండి, విమానం పడవ అప్పగించిన మర్నాటికి పెట్టుకోండి. అక్కడి ఎయిర్‌పోర్టు టోర్టోలాని ఆనుకున్న బీఫ్ ఐలాండ్‌లో ఉంది, ఎక్కువగా దిగేవి చిన్న విమానాలే. సెయింట్ థామస్‌లో దిగి అక్కణ్నుంచి ఫెర్రీలో రావడం ఇంకో దారి. అయితే సెయింట్ థామస్ అమెరికా భూభాగం, అక్కడ దిగాలంటే అమెరికా వీసా నియమాలు వర్తిస్తాయి. ఫెర్రీలు కూడా రాత్రంతా తిరగవు. విమానం లేటైతే ఆ రాత్రి అక్కడే ఆగిపోవాల్సి వస్తుంది.

ఇక గాలి సంగతి. ఈ దీవుల మీద ఏడాదిలో ఎక్కువ భాగం తూర్పు గాలే వీస్తుంది. ఏప్రిల్‌లో మామూలుగా పదిహేను, ఇరవై నాట్ల మధ్య ఉంటుంది (ఒక నాట్ అంటే గంటకి ఒక నాటికల్ మైలు, సుమారు 1.85 కిలోమీటర్లు). డిసెంబరు, జనవరిల్లో ఒక్కోసారి రోజుల తరబడి పాతిక దాటుతుంది, వాటిని అక్కడ క్రిస్మస్ గాలులంటారు. మీరు ఏప్రిల్ ఎంచుకోవడం చాలా బాగుంది. నాకూ ఏప్రిల్, మే నెలలే ఇష్టం. జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు హరికేన్ల కాలం. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా అక్కడ చాలా హోటళ్లు మూసేస్తారు. 2017 సెప్టెంబరు 6న ఇర్మా హరికేన్ వచ్చినప్పుడు రేవుల్లో కట్టి ఉంచిన పడవలు ఒకదాని మీద ఒకటి గుట్టలు పడ్డాయి. సాల్ట్ ఐలాండ్ దగ్గర నీళ్లలో ఈదుతూ చూసే ఆర్ఎంఎస్ రోన్ అనే ఆవిరి ఓడ కూడా అలాంటి గాలికే బలైంది. అది 1867 అక్టోబరు 29న మునిగింది. వందమందికి పైగా పోయారు. అక్టోబరు ఆఖర్లో చవగ్గా వస్తుందని ఎవరైనా టికెట్లు చూపిస్తే నాకు ఆ తేదీయే గుర్తొస్తుంది.

గాలి తూర్పు నుంచి వస్తుంది కాబట్టి నార్మన్ నుంచి కూపర్‌కి, కూపర్ నుంచి వర్జిన్ గోర్డాకి పోయేదంతా ఎదురుగాలి దారే. తెరచాప పడవ గాలికి సూటిగా ఎదురెళ్లలేదు. ఒకసారి ఇటు, ఒకసారి అటు వంకరగా కోసుకుంటూ పోవాలి. నలభై అయిదు డిగ్రీల చొప్పున కోసుకుంటూ పోతే చార్టు మీద ఏడు మైళ్లున్న దారి దాదాపు పదవుతుంది. కాటమరాన్ (పక్కపక్కనే రెండు అడుగుభాగాలున్న పడవ) అయితే ఇంకా ఎక్కువే, అది గాలికి అంత దగ్గరగా వెళ్లలేదు. గంటకి ఆరు నాటికల్ మైళ్లు వెళ్తుందనుకుని మీవారు రెండు గంటలు వేసుకున్నచోట మూడు వేసుకోమనండి.

అయినా మొదట తూర్పుకే వెళ్లండి. ఓపిక ఉన్నప్పుడు ఎదురుగాలి దారి అయిపోతే, తిరుగు ప్రయాణంలో గాలి వెనకనుంచి తోస్తుంది. పిల్లలకి ఆ రెండు రోజులే ఎక్కువ గుర్తుంటాయి.

ప్రతిరోజూ పొద్దున ఎనిమిదింటికి బయల్దేరి, మధ్యాహ్నం రెండు, మూడింటికల్లా మూరింగ్ పట్టుకునేలా చూసుకోండి. చీకట్లో పడవ నడపకూడదని అద్దె కాగితాల్లోనే రాసి ఉంటుంది. బంతి దొరకాలన్నా తొందరగా చేరాలి. ఇంకో సంగతేమిటంటే, పగడపు దిబ్బలు కంటికి కనిపించాలంటే ఎండ నడినెత్తిన గానీ వీపు వెనక గానీ ఉండాలి. ముదురు నీలం లోతు. పచ్చ కలిసిన లేత నీలం ఇసుక. గోధుమ రంగు కనిపిస్తే అది పగడం, అటు వెళ్లకూడదు. సాయంత్రం ఎండ మొహం మీద పడుతుంటే ఈ రంగులేవీ తెలియవు, నీరంతా ఒకే వెండి రేకులా మెరుస్తుంది.

అనెగాడాని ప్లాన్‌లో పెన్సిల్‌తో రాసుకోండి, పెన్నుతో కాదు. మిగతా దీవులు కొండలు. ఇది పగడాలు, సున్నపురాయితో ఏర్పడిన చదును నేల, ఎత్తైన చోటు కూడా సముద్రం కన్నా ఎనిమిది మీటర్ల పైన మాత్రమే. అనెగాడా అంటే స్పానిష్‌లో 'మునిగిపోయినది'. నార్త్ సౌండ్ నుంచి దాదాపు ఉత్తరానికి పద్నాలుగు, పదిహేను నాటికల్ మైళ్లు. సగం దారిలో ముందు ఏమీ కనిపించదు, వెనక వర్జిన్ గోర్డా కొండ మాత్రం చిన్నదవుతూ ఉంటుంది. చాలాసేపటికి నీటి మీద పుల్లలు గుచ్చినట్టు చెట్లు కనిపిస్తాయి. అప్పుడు గానీ నేల తెలియదు. చుట్టూ హార్స్‌షూ రీఫ్ అనే పగడపు దిబ్బ ఇరవై తొమ్మిది కిలోమీటర్ల పొడవున ఉంది, దానికి తగిలి పగిలిన ఓడలు వందల్లో ఉన్నాయి. కొన్ని కంపెనీలు ముందు అనుమతి లేకుండా అటు వెళ్లనివ్వవు.

రేవులోకి వెళ్లే దారికి ఎర్ర, పచ్చ బోయలు (దారి చూపే తేలే గుర్తులు) ఉంటాయి. ఇది మీవారికి తప్పకుండా చూపించండి. అమెరికా ఖండాల్లో, కరేబియన్‌లో సముద్రం నుంచి రేవులోకి వస్తుంటే ఎర్ర బోయ కుడిచేతి వైపు ఉండాలి. యూరప్‌లో, ఆసియాలో చాలాచోట్ల ఎడమచేతి వైపు. పుస్తకంలో ఒక పద్ధతి నేర్చుకుని ఇక్కడికి వస్తే సరిగ్గా తిరగబడుతుంది. అనెగాడాకి బయల్దేరాల్సిన రోజు పొద్దున గాలి పద్దెనిమిది నాట్లలోపు ఉండి, ఆకాశం తేటగా ఉంటే వెళ్లండి. లేకపోతే నార్త్ సౌండ్‌లోనే ఇంకో రోజు ఉండిపోండి. అక్కడి నీరు చెరువులా ఉంటుంది, పిల్లలు డింగీ (పెద్ద పడవ వెంట ఉండే చిన్న పడవ) నడపడం నేర్చుకోవచ్చు. అనెగాడాకి వెళ్తే మాత్రం రెండు రాత్రులు ఉండండి. అందుకోసం కూపర్‌నో జోస్ట్ వాన్ డైక్‌నో వదిలేసినా నష్టం లేదు.

మనిషిని పెట్టుకోవాలా అన్నారు. మధ్యధరా సముద్రంలో చాలా దేశాలు సర్టిఫికెట్ లేనిదే పడవ ఇవ్వవు. ఇక్కడ చట్టం అలా అడగదు, కంపెనీ మాత్రం ఇదివరకు ఎక్కడ, ఎంత పెద్ద పడవ, ఎన్ని రోజులు నడిపారో రాసిమ్మంటుంది. ఉన్నదున్నట్టే రాయమనండి. సరస్సులో నేర్చుకున్న గాలి లెక్క, తెరచాప పట్టు ఎక్కడికీ పోవు. ఆయనకి అలవాటు లేనిది బరువు. నలభై అడుగుల కాటమరాన్ దాదాపు పది టన్నులుంటుంది. చిన్న పడవని కాలితో ఆపొచ్చు, దీన్ని ఆపబోతే కాలు విరుగుతుంది. నా సలహా ఏమిటంటే మొదటి రెండు రోజులకి స్కిప్పర్‌ని పెట్టుకోండి. ఆయన్ని నడపమనకండి, మీవారి పక్కన నిలబడమనండి. మూడో రోజు దిగిపోతారు. నేను అలా ఎన్నో కుటుంబాలతో వెళ్లాను. ఆ రెండు రోజుల్లో నేర్పేది ముఖ్యంగా మూడు పనులు.

ఒకటి మూరింగ్ పట్టుకోవడం. సముద్రపు అడుగున గట్టిగా బిగించిన దిమ్మకి కట్టిన తేలే బంతి అది. గాలికి ఎదురుగా, మనిషి నడకకన్నా నెమ్మదిగా రావాలి. ముందు కొక్కెం కర్ర పట్టుకున్నవాళ్లకే బంతి కనిపిస్తుంది, చుక్కాని దగ్గరున్న వాళ్లకి చివరి అయిదు మీటర్లు కనిపించదు. కాబట్టి అరవకుండా చేతి సైగలు ముందే ఒప్పుకోండి. బంతికున్న తాడు కంటిని పైకి లాగి, పడవ తాడు అందులోంచి దూర్చి మళ్లీ పడవకే కట్టాలి. కాటమరాన్‌కి ముందు రెండు మూలల నుంచీ ఒక్కో తాడు అలాగే. ఒకసారి తప్పిపోతే వదిలేసి చుట్టు తిరిగి రండి. కర్ర పట్టుకుని వేలాడకండి, పది టన్నుల పడవ మనిషిని నీళ్లలోకి లాగేస్తుంది.

రెండోది లంగరు. నీటి లోతుకి పడవ ముందుభాగం ఎత్తు కలిపి దానికి అయిదు రెట్లు గొలుసు వదలాలి. నాలుగు మీటర్ల లోతు, ఒక మీటరు ఎత్తు అయితే ఇరవై అయిదు మీటర్లు. తర్వాత ఇంజిన్ వెనక్కి నడిపి గుంజి చూడాలి. ఆపైన అద్దాలు పెట్టుకుని దిగి కళ్లతో చూడాలి. లంగరు ముక్కు ఇసుకలో కూరుకుని, వెనక భాగం మాత్రమే పైకి కనిపిస్తే ఆ రాత్రి నిద్రపోవచ్చు. పగడం మీద ఎప్పుడూ వేయకండి. గొలుసు ఒక్క రాత్రి తిరిగితే చాలు, కింద వందేళ్లుగా పెరిగింది పిండవుతుంది.

మూడోది తెరచాప కుదించడం. కాటమరాన్ పక్కకి పెద్దగా వాలదు. సరస్సు పడవ వాలి 'ఇక చాలు' అని ఒంటికి చెప్పేది, ఇది చెప్పదు. గాలిమీటరు చూసి తెలుసుకోవాలి. గాలి పద్నాలుగు నుంచి ఇరవై నాట్లకి పెరిగితే చాప మీద పడే బలం రెట్టింపవుతుంది. ఇరవై వచ్చేదాకా ఆగకుండా పద్దెనిమిదికే కుదించేయండి.

పిల్లలున్నారు కాబట్టి కాటమరానే తీసుకోండి, గదులు విశాలం, ఊపు తక్కువ. డబ్బు లెక్కలో పడవ అద్దె ఒక్కటే చూసుకోకండి. రాత్రి మూరింగ్ రుసుము, నీళ్లు, ఐసు, డీజిల్, డిపాజిట్ లేదా దాని బదులు కట్టే బీమా, పార్కు రుసుము, స్కిప్పర్ జీతం, తిండి ఇవన్నీ విడిగా ఉంటాయి. అక్కడ చెల్లేది అమెరికన్ డాలరే. గాలం వేయాలని బాబు అడుగుతాడేమో, పర్మిట్ లేకుండా చేపలు పట్టడం నేరం.

నీళ్ల గురించి పెద్దవాళ్లకన్నా పిల్లలకే ముందు చెప్పండి. కుళాయి తిప్పితే కింద పంపు 'గుర్ర్' మంటుంది, కట్టేస్తే ఆగాలి. అందరూ కుళాయిలు కట్టేసినా ఆగకుండా మోగుతోందంటే ఎక్కడో కారుతోంది, లేదా ట్యాంకు ఖాళీ అయింది. ఒక ట్రిప్పులో వెనక స్నానాల కుళాయి ఎవరో సగం తిప్పి వదిలేస్తే రెండో రోజుకే ట్యాంకు అయిపోయింది. పంపు చప్పుడు వినే డ్యూటీ మీ పాపకి ఇవ్వండి, చాలా శ్రద్ధగా చేస్తారు ఆ వయసు పిల్లలు.

ప్రశ్న: పడవ ఎక్కితే నాకు కడుపులో తిప్పేస్తుంది. స్నేహితులు ఇలాంటి ట్రిప్పుకే రమ్మంటున్నారు. మానేయమంటారా? (ఒక పాఠకుడు)

జవాబు: మానేయకండి. కదలడం లేదని కళ్లు, కదులుతున్నామని చెవి లోపలి భాగం మెదడుకి చెప్పినప్పుడే వికారం మొదలవుతుంది. అందుకే గదిలో కూర్చుని ఫోన్ చూస్తే వెంటనే వస్తుంది. బయట, పడవ మధ్యలోనో వెనకనో కూర్చుని దూరంగా నీరూ ఆకాశమూ కలిసే గీత చూడండి. చుక్కాని మీ చేతికి ఇమ్మనండి, నడిపేవాళ్లకి తక్కువగా వస్తుంది. మెక్లిజిన్ లాంటి మాత్ర వికారం మొదలయ్యాక కన్నా ముందే వేసుకుంటే పనిచేస్తుంది. అయితే నిద్ర వస్తుంది, కాబట్టి డాక్టర్ని అడిగి, ఇంట్లో ఒకసారి వేసుకుని చూడండి. చాలామందికి రెండో రోజుకో మూడో రోజుకో ఒళ్లు అలవాటుపడిపోతుంది. ఆ దీవుల మధ్య సర్ ఫ్రాన్సిస్ డ్రేక్ ఛానల్‌కి రెండు వైపులా కొండలు అడ్డుంటాయి కాబట్టి పెద్ద అలలు తక్కువ. అనెగాడా దారి మాత్రం బాహాటపు సముద్రం, ఆ రోజు ముందుగానే మాత్ర వేసుకోండి.

ప్రశ్న: నాకు అరవై రెండేళ్లు, ఈత రాదు. మా అబ్బాయి వాళ్లు వర్జిన్ ఐలాండ్స్ పడవ ట్రిప్పుకి నన్నూ రమ్మంటున్నారు. వాళ్లకి భారమవుతానేమోనని టెన్షన్‌గా ఉంది. (ఒక తల్లి)

జవాబు: అమ్మా, తప్పకుండా వెళ్లండి. ఈత రాని పెద్దవాళ్లని నేను చాలామందిని తీసుకెళ్లాను. మీ కొలతకి సరిపోయే లైఫ్ జాకెట్ ముందే చెప్పి తెప్పించుకోండి, పడవ కదులుతున్నంతసేపూ వేసుకునే ఉండండి. డింగీలోకి దిగేటప్పుడు చేతులు రెండూ ఖాళీగా ఉండాలి, సంచి ముందు ఇంకొకరికి అందించేయండి. అడుగు డింగీ అంచు మీద కాకుండా సరిగ్గా మధ్యలో వేయండి. నడిపేవాళ్లు ఇంజిన్ ఆగే ఎర్ర తాడు మణికట్టుకి తగిలించుకున్నారో లేదో చూశాకే కూర్చోండి.

వర్జిన్ గోర్డాలో ద బాత్స్ మాత్రం మీరు పడవ మీదనుంచి వెళ్లొద్దు. అక్కడ డింగీని ఒడ్డుకి తీసుకెళ్లనివ్వరు, దూరంగా తాడుకి కట్టేసి ఈదుకుంటూ పోవాలి. ఉత్తరం నుంచి అలలు వచ్చే రోజుల్లో ఎర్ర జెండా కూడా ఎగరేస్తారు. మీ అబ్బాయిని పడవ స్పానిష్ టౌన్ రేవులో కట్టమనండి. అక్కణ్నుంచి టాక్సీలో కొద్ది నిమిషాల్లో పైకి తీసుకెళ్తారు, అక్కడినుంచి కాలిబాట. ఇళ్లంత గ్రానైట్ బండలు ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉంటాయి, వాటి సందుల్లోంచి ఎండ నీళ్ల మీద పడుతుంది. ఆ దారిలో కొన్నిచోట్ల చెక్క నిచ్చెనలు, పట్టుకోవడానికి తాళ్లు ఉన్నాయి. జారని రబ్బరు చెప్పులు వేసుకోండి. ఎక్కువమంది పడవల వాళ్లు పదింటికి దిగుతారు, మీరు ఎనిమిదికే వెళ్లండి.